చప్పుడు చేయని వాల్వుల సంగతి: షిమ్‌ల మార్పిడి, ప్రాజెక్టు డైరీ

ముందుగా ఈ మోటార్‌సైకిల్ ఇంజిన్ వివరాలు. పక్కపక్కనే రెండు సిలిండర్లు, 180 డిగ్రీల క్రాంక్, లిక్విడ్ కూలింగ్. హెడ్‌లో రెండు క్యామ్‌షాఫ్టులు, సిలిండర్‌కు నాలుగు చొప్పున ఎనిమిది వాల్వులు. క్యామ్ నేరుగా బకెట్‌ను, అంటే వాల్వు మీద బోర్లించిన గిన్నెలాంటి భాగాన్ని, నొక్కుతుంది. బకెట్ లోపల, వాల్వ్ స్టెమ్ కొసన, చొక్కా గుండీ కంటే చిన్న ఉక్కు బిళ్ళ ఒకటి ఉంటుంది. అదే షిమ్. స్క్రూ, లాక్‌నట్ ఉన్న పాత తరహా టాపెట్ అయితే పానాతో తిప్పి సరిచేసుకోవచ్చు. ఇక్కడ ఆ వీలు లేదు. క్యామ్‌కూ బకెట్‌కూ నడుమ ఉండే గ్యాప్ మార్చాలంటే బిళ్ళ మార్చాలి, బిళ్ళ మార్చాలంటే క్యామ్‌షాఫ్టు బయటికి రావాలి.

మీటరు 24,310 కి.మీ. చూపిస్తోంది. మాన్యువల్ చెప్పిన తనిఖీ 24,000 దగ్గర. గ్యాప్ హద్దులు ఇన్‌టేక్‌కు 0.15 నుంచి 0.21 మి.మీ., ఎగ్జాస్ట్‌కు 0.22 నుంచి 0.31 మి.మీ. ఈ అంకెలు ఈ ఇంజిన్‌వే. మీ బండికి మీ మాన్యువల్ అంకెలే చూసుకోండి.

బండికి పైకి కనిపించే జబ్బేమీ లేదు. పైనుంచి టకటక లేదు, పొగ లేదు. బాగా వేడెక్కి ఆపిన తర్వాత మళ్ళీ స్టార్ట్ చేస్తే మాత్రం సెల్ఫ్ కాస్త ఎక్కువసేపు తిరుగుతోంది, ఐడిల్ అప్పుడప్పుడు తడబడుతోంది. "చప్పుడు రావడం లేదుగా, టాపెట్ల జోలికి ఎందుకు" అనే మాట వర్క్‌షాపుల్లో చాలాసార్లు వినిపిస్తుంది. ఈ ప్రాజెక్టు మొత్తం ఆ మాటకు జవాబు. గ్యాప్ పెరిగిన వాల్వు చప్పుడు చేస్తుంది. గ్యాప్ తగ్గిన వాల్వు నోరు మెదపదు. ఈ రకం ఇంజిన్లలో అరుగుదల ఎక్కువగా తగ్గే వైపే నడుస్తుంది. వాల్వు తన సీటును కొట్టీ కొట్టీ కొద్దికొద్దిగా హెడ్‌లోకి దిగబడుతుంది. అది దిగబడినంత మేర స్టెమ్ పైకి లేస్తుంది, పైన ఉన్న గ్యాప్ మూసుకుపోతుంది. గ్యాప్ పూర్తిగా పోతే వాల్వు సీటు మీద గట్టిగా కూర్చోదు. వాల్వు తనలోని వేడిని చాలావరకు సీటు ద్వారానే హెడ్‌కు వదులుకుంటుంది. ఆ తాకిడి పోతే, ముఖ్యంగా ఎగ్జాస్ట్ వాల్వు అంచు కాలిపోతుంది. అప్పుడిక షిమ్‌తో పోయే ఖర్చు కాదు, హెడ్ విప్పాల్సిందే.

మొదటి రోజు: దారి చేసుకోవడం

విప్పడానికి ముందు కడగడమే సగం పని. ట్యాంకు కింద, ఫ్రేము మీద, రేడియేటర్ వెనుక పేరుకున్న ఇసుక, మట్టి వాల్వ్ కవర్ తీయగానే సరాసరి హెడ్‌లోకి రాలుతుంది. ట్యాంకు తీశాక ఫ్రేమును మరోసారి తడిగుడ్డతో తుడిచి, ఆరాక గాలి కొట్టాం. స్పార్క్ ప్లగ్ గుంతల్లో కూడా ప్లగ్ విప్పకముందే గాలి కొట్టాలి. ప్లగ్ తీశాక కొడితే ఆ గుంతలోని ఇసుక నేరుగా సిలిండర్‌లోకి పోతుంది.

వరుసగా వచ్చినవి: సీటు, ట్యాంకు, ఎయిర్‌బాక్స్, ఇగ్నిషన్ కాయిల్స్, ప్లగ్‌లు. కూలెంట్ దించి రేడియేటర్‌ను రెండు బోల్టుల మీద ముందుకు వాల్చాం. దాన్ని కదపకుండా పని జరపవచ్చు గానీ, ఎగ్జాస్ట్ వైపు ఫీలర్ (గ్యాప్ కొలిచే పలచని బ్లేడు) పట్టుకునే చేతికి చోటుండదు. చోటు లేకపోతే ఫీలర్ వాలుతుంది, వాలితే కొలత తప్పుతుంది. కాబట్టి ఈ అరగంట శ్రమ వృథా కాదు. థ్రాటిల్ బాడీల నోళ్ళకు శుభ్రమైన గుడ్డ కుక్కి, పైన టేపు వేశాం. ప్లగ్ రంధ్రాలకూ అంతే.

విప్పిన ప్రతి బోల్టుకూ అట్టముక్క మీద ఒక గుచ్చుచోటు. వాల్వ్ కవర్ బొమ్మ గీసి, ఏ బోల్టు ఎక్కడిదో అక్కడే గుచ్చాం. పొడవులు వేరైన బోల్టులు కలిసిపోతే, పొడవుది పొట్టిదాని చోట పడి రంధ్రం అడుగును తన్నుతుంది.

కవర్ తేలిగ్గా రాలేదు. రబ్బరు గాస్కెట్ అంటుకుపోయింది. సందులో స్క్రూడ్రైవర్ పెట్టి ఎత్తకూడదు. అల్యూమినియం ముఖం మీద గీత పడితే అక్కడినుంచి జీవితాంతం ఆయిల్ చెమ్మ వస్తుంది. రబ్బరు సుత్తితో మూలల మీద పక్కనుంచి మెల్లగా తట్టితే వచ్చేసింది.

ఆ రోజు కొలవలేదు. ఇంజిన్ రాత్రంతా చల్లబడాలి. మాన్యువల్ గ్యాప్ అంకెలు చల్లని ఇంజిన్‌కు ఇచ్చినవి. ఇది 35 డిగ్రీల సెల్సియస్ కంటే తక్కువలో కొలవమంటుంది. గోరువెచ్చగా ఉన్నప్పుడు తీసిన కొలతతో షిమ్ లెక్క వేస్తే, లెక్క ఎంత బాగున్నా ఫలితం తప్పే.

రెండో రోజు: కొలత

ఈ పనిలో అన్నింటికంటే ఎక్కువ ఓపిక అడిగేది ఇదే. క్యామ్‌లు విప్పడం పెద్ద పనిలా కనిపిస్తుంది గానీ, విప్పే ముందు తీసిన ఎనిమిది అంకెల్లో ఒకటి తప్పయితే తర్వాత చేసిందంతా మళ్ళీ చేయాలి.

క్రాంక్ చివరి మూత తీసి, సాకెట్ వేసి, ఇంజిన్ మామూలుగా తిరిగే దిక్కులోనే తిప్పాం. ప్లగ్‌లు తీసేసి ఉండడం వల్ల చేతికి బరువు తెలియదు. పిస్టన్ పైకొసకు వచ్చిందని చెప్పే గుర్తు దాటిపోతే వెనక్కి తిప్పి కలపకూడదు. వెనక్కి తిప్పినప్పుడు క్యామ్‌లను తిప్పే చైన్‌లో టెన్షనర్ (చైన్‌ను బిగువుగా ఉంచే భాగం) ఉన్న వైపు లాగుడు పడి, అది వదులైన చోట పన్ను జారే ప్రమాదం ఉంది. మరో రెండు చుట్లు ముందుకే తిప్పి మళ్ళీ గుర్తు దగ్గరికి రావాలి.

మొదటి సిలిండర్ గుర్తు కలిసినంత మాత్రాన అది కంప్రెషన్ స్ట్రోకే అనుకోకూడదు. క్రాంక్ రెండు చుట్లు తిరిగితే క్యామ్ ఒక్క చుట్టే తిరుగుతుంది. కాబట్టి గుర్తు రెండుసార్లు కలుస్తుంది. చూడాల్సింది క్యామ్ ముక్కులను. ఇన్‌టేక్ ముక్కులు వెనక్కి, ఎగ్జాస్ట్ ముక్కులు ముందుకు, ఒకదానికొకటి ఎడమొహం పెడమొహంగా ఉంటే అది కంప్రెషన్. ముక్కులు బకెట్ల వైపు వాలి ఉంటే ఇంకో పూర్తి చుట్టు తిప్పాలి. 180 డిగ్రీల క్రాంక్ కావడంతో రెండో సిలిండర్ గుర్తు క్రాంక్ చివరి రోటార్ మీద సరిగ్గా ఎదుటివైపు ఉంటుంది. అక్కడా ఇదే పరీక్ష.

ఇక ఫీలర్ గేజ్. బ్లేడుకు ఒక చుక్క ఇంజిన్ ఆయిల్ రాసి, క్యామ్ గుండ్రని వీపుకూ బకెట్ పైభాగానికీ నడుమ తోయాలి. తగిలీ తగలనట్టు కాగితం లాగినంత బిగువు ఉండాలని అందరూ చెప్పేదే. ఆ బిగువు ఒక్కో చేతికి ఒక్కోలా తెలుస్తుంది, కాబట్టి ఇంతకంటే నమ్మదగ్గ పద్ధతి "దూరేది, దూరనిది". 0.13 దూరి, 0.14 దూరకపోతే గ్యాప్ 0.13. బిగువు గురించి వాదన అక్కర్లేదు. మధ్య అంకెల బ్లేడు లేకపోతే రెండు కలపవచ్చు: 0.10, 0.03 కలిస్తే 0.13. కానీ రెండింటి నడుమ ఆయిల్ మందంగా నిలవకుండా తుడిచి, వేళ్ళతో నొక్కి కలపాలి. గేజ్ కొత్తదైనా సరే, వాడబోయే బ్లేడులను ఒకసారి మైక్రోమీటర్‌లో పెట్టి చూడటం మంచిది. మడత పడిన బ్లేడు ఉన్నదాని కంటే తక్కువ గ్యాప్ చూపిస్తుంది.

ఒక్కో వాల్వును మూడుసార్లు కొలిచాం. ప్రతిసారీ రెండు చుట్లు తిప్పి మొదటినుంచి. మూడూ ఒక్కటయ్యాకే రాశాం.

ఒకటో సిలిండర్ ఇన్‌టేక్: ఎడమ 0.13, కుడి 0.15
ఒకటో సిలిండర్ ఎగ్జాస్ట్: ఎడమ 0.20, కుడి 0.24
రెండో సిలిండర్ ఇన్‌టేక్: ఎడమ 0.16, కుడి 0.12
రెండో సిలిండర్ ఎగ్జాస్ట్: ఎడమ 0.18, కుడి 0.25

నాలుగు హద్దు దాటి బిగుసుకున్నాయి. ఒకటి సరిగ్గా గీత మీద ఉంది. వదులైనది ఒక్కటీ లేదు. పైనుంచి చప్పుడు ఎందుకు రావడం లేదో ఇప్పుడు తేలిపోయింది. అన్నీ బిగుసుకునే దారిలో ఉన్నాయి గనుకే ఇంజిన్ అంత మెత్తగా వినిపించింది.

మూడో రోజు: క్యామ్‌షాఫ్టులు బయటికి

ఏదీ విప్పక ముందే గుర్తులు పెట్టుకోవాలి. ఒకటో సిలిండర్‌ను కంప్రెషన్‌లో నిలిపి, స్ప్రాకెట్ల మీది గీతలు హెడ్ పై అంచుతో కలిశాయో లేదో చూసి, రెండు వైపులా ఫోటోలు తీశాం. ఆపైన ఒక్కో స్ప్రాకెట్ పన్ను మీదా, దానికి ఎదురుగా ఉన్న చైన్ లింకు మీదా తెల్ల పెయింటు చుక్క. ఎగ్జాస్ట్ గుర్తు నుంచి ఇన్‌టేక్ గుర్తు వరకు చైన్‌లో ఎన్ని పిన్నులున్నాయో లెక్కపెట్టి రాసుకున్నాం. చుక్క ఆయిల్‌లో చెరిగిపోవచ్చు, ఫోటో వంకరగా రావచ్చు. పిన్నుల లెక్క మాత్రం మారదు.

హెడ్ పక్కన చైన్ దిగే లోతైన సొరంగం ఉంది. అందులో పడినది క్రాంక్‌కేసులోకి పోతుంది. సన్నటి బోల్టు, భాగాలను సరైన చోట నిలిపే డోవెల్ పిన్ను, షిమ్, ఏది పడినా ఇంజిన్ కింద తెరవాల్సి రావచ్చు. నూలుపోగులు రాలని గుడ్డను గట్టిగా చుట్టి సొరంగం నోట్లో కుక్కి, దాని కొసను బయటికి వేలాడదీశాం, మర్చిపోకుండా.

టెన్షనర్ గురించి కొంచెం వివరంగా చెప్పాలి, చాలా ఇంజిన్లు చెడేది ఇక్కడే కాబట్టి. దీని లోపల స్ప్రింగు, పళ్ళున్న కడ్డీ ఉంటాయి. కడ్డీ ముందుకు పోతుంది గానీ వెనక్కి రాదు. బిగింపు బోల్టులను కాస్త వదులు చేసి, ఎందుకో ఆగి మళ్ళీ బిగించారనుకోండి. ఆ కాస్త సందులోనే కడ్డీ ముందుకు జరిగిపోతుంది. మళ్ళీ బిగించేసరికి చైన్ తీగలా బిగుసుకుంటుంది, చైన్‌ను దారిలో ఉంచే గైడులు అరుగుతాయి, ఒక్కోసారి విరుగుతాయి. అందుకే ఒకసారి బోల్టు కదిలిందంటే టెన్షనర్ పూర్తిగా బయటికి రావాలి, కడ్డీని వెనక్కి నెట్టి లాక్ చేశాకే తిరిగి ఎక్కాలి. నడి బోల్టు తీసి, లోపలి స్ప్రింగు వదిలించి, అప్పుడు రెండు పక్క బోల్టులు తీశాం. బయటికి వచ్చిన క్షణమే కడ్డీని వెనక్కి నెట్టి చూస్తే మృదువుగా కదిలింది. పళ్ళు అరగలేదు.

తర్వాత క్యామ్‌షాఫ్టులను హెడ్‌కు పట్టి ఉంచే క్యాపులు. రెండో సిలిండర్ వైపు ముక్కులు కొన్ని బకెట్లను నొక్కుతూనే ఉంటాయి. అంటే స్ప్రింగుల బలం క్యాపుల మీద ఉంది. ఒక చివర పూర్తిగా విప్పేస్తే క్యామ్ వంగి నిలుస్తుంది, రెండో చివర క్యాపు పగులుతుంది. ఈ క్యాపులు విడిగా దొరికే సరుకు కాదు. హెడ్‌కు బిగించి ఉంచి కలిపి బోరు చేసినవి, ఒకటి విరిగితే హెడ్ మొత్తం మార్చాలి. అలెన్ కీతో బోల్టుకు పావు చుట్టు చొప్పున, బయటి అంచులనుంచి మధ్యకు, వంకీ వరుసలో, స్ప్రింగుల బలం పూర్తిగా వదిలేదాకా తిరిగాం. హడావుడి పడితే నష్టపోయే చోటు ఇది.

క్యాపు ఎత్తేటప్పుడు డోవెల్ పిన్నులు ఒకటి హెడ్‌లో, ఒకటి క్యాపులో ఉండిపోతాయి. లెక్కపెట్టుకోవాలి. క్యామ్‌లు రెండూ తీశాక చైన్‌ను ఇనుప తీగతో ఫ్రేముకు కట్టాం. అది కిందకు జారితే క్రాంక్ స్ప్రాకెట్ మీదనుంచి తప్పుకుంటుంది.

బకెట్లు అయస్కాంతపు కడ్డీతో పైకి వచ్చాయి. ఎనిమిది గదుల డబ్బా ముందే సిద్ధంగా ఉంది, గదికో పేరు రాసి. బకెట్ తన చోటుకే తిరిగి పోవాలి. అది ఆ రంధ్రంతో కలిసి అరిగింది. షిమ్ మాత్రం ఎక్కడికైనా పోవచ్చు. జాగ్రత్త పడాల్సింది ఏమిటంటే, ఆయిల్ జిగురుకు షిమ్ కొన్నిసార్లు బకెట్ కడుపుకు అంటుకుని పైకి వస్తుంది, సగం దారిలో జారిపోతుంది. మొదటి ఇన్‌టేక్ దగ్గర అదే జరగబోయింది. బకెట్ రంధ్రం అంచు దాటుతుండగా షిమ్ పక్కకు జారింది. సొరంగంలో గుడ్డ ఉండబట్టి దాని మీద ఆగింది. ఆ తర్వాత ప్రతి బకెట్‌నూ అంచు దాకా లేపి, కిందనుంచి వేలు అడ్డుపెట్టి తీశాం.

షిమ్ కొలత: మైక్రోమీటర్‌ను ముందు సున్నాకు సరిచూసుకుని, షిమ్‌ను తుడిచి, సరిగ్గా నడిమధ్య, స్టెమ్ తాకే చోట కొలవాలి. షిమ్ మీద చెక్కిన అంకెను నమ్మకూడదు. ఈ ఎనిమిదిలో ఏడింటి అంకె, కొలత కలిశాయి. రెండో సిలిండర్ కుడి ఇన్‌టేక్ షిమ్ మీద అంకె పూర్తిగా చెరిగిపోయింది. అది 2.62 వచ్చింది. కొత్త షిమ్‌లు 0.05 అంచెల్లోనే అమ్మినా, ఫ్యాక్టరీలో కూర్చినవాటిలో ఇలాంటి మధ్య మందాలు ఉంటాయి. 2.60 అని ఊహించుకుని లెక్క వేసి ఉంటే అక్కడే 0.02 తేడా వచ్చేది. హద్దు వెడల్పే 0.06 ఉన్న ఇన్‌టేక్‌కు 0.02 చిన్న తప్పు కాదు.

నాలుగో రోజు: లెక్క

సూత్రం ఒక్కటే: కొత్త షిమ్ మందం = పాత షిమ్ మందం + కొలిచిన గ్యాప్ − కావాల్సిన గ్యాప్. గ్యాప్ తక్కువైతే పలచని షిమ్, ఎక్కువైతే మందపాటి షిమ్. చేయి తిరిగినవాళ్ళు కూడా ఒక్కోసారి దీన్ని తిరగేస్తారు. లెక్క చేశాక "గ్యాప్ పెరగాలి, బిళ్ళ పలచబడిందా?" అని మనల్ని మనం ఒకసారి అడిగితే చాలు.

లక్ష్యం హద్దుల నడుమ పెట్టలేదు, వదులు వైపుకు జరిపాం. ఇన్‌టేక్‌కు 0.19, ఎగ్జాస్ట్‌కు 0.28. కారణం పైన చెప్పిందే: ఇకమీదట జరిగే అరుగుదల గ్యాప్‌ను తగ్గిస్తుంది. ఈ రోజు 0.16 దగ్గర వదిలేసిన ఇన్‌టేక్ "హద్దులోనే ఉంది" అనిపించుకుంటుంది గానీ, తర్వాతి తనిఖీ దాకా ఉంటుందన్న భరోసా ఎవరూ ఇవ్వలేరు.

ఒకటి ఎడమ ఇన్‌టేక్: 2.60 + 0.13 − 0.19 = 2.54. దగ్గరి షిమ్ 2.55, గ్యాప్ 0.18 అవుతుంది.
ఒకటి కుడి ఇన్‌టేక్: 2.65 + 0.15 − 0.19 = 2.61. షిమ్ 2.60, గ్యాప్ 0.20.
రెండు ఎడమ ఇన్‌టేక్: 2.55 + 0.16 − 0.19 = 2.52. షిమ్ 2.50, గ్యాప్ 0.21.
రెండు కుడి ఇన్‌టేక్: 2.62 + 0.12 − 0.19 = 2.55. గ్యాప్ 0.19.
ఒకటి ఎడమ ఎగ్జాస్ట్: 2.75 + 0.20 − 0.28 = 2.67. షిమ్ 2.65, గ్యాప్ 0.30.
ఒకటి కుడి ఎగ్జాస్ట్: 2.70 + 0.24 − 0.28 = 2.66. షిమ్ 2.65, గ్యాప్ 0.29.
రెండు ఎడమ ఎగ్జాస్ట్: 2.80 + 0.18 − 0.28 = 2.70. గ్యాప్ 0.28.
రెండు కుడి ఎగ్జాస్ట్: 2.70, గ్యాప్ 0.25. హద్దులకు కొంచెం లోపలే, మార్చనక్కర్లేదు.

ఇప్పుడు అసలు లాభం. కొత్తవి ఏడు కొనాలా? అక్కర్లేదు. ఈ ఇంజిన్‌లో ఇన్‌టేక్, ఎగ్జాస్ట్ షిమ్‌ల వ్యాసం ఒక్కటే కాబట్టి ఉన్నవాటినే చోట్లు మార్చవచ్చు. రెండు ఎడమ ఇన్‌టేక్ నుంచి వచ్చిన 2.55 ఒకటి ఎడమకు. అక్కడినుంచి వచ్చిన 2.60 ఒకటి కుడికి. అక్కడి 2.65 ఒకటి కుడి ఎగ్జాస్ట్‌కు. అక్కడి 2.70 రెండు ఎడమ ఎగ్జాస్ట్‌కు. కొత్తగా కావాల్సినవి మూడే: 2.50, 2.55, 2.65. మిగిలినవి 2.62, 2.75, 2.80. వాటిని తుడిచి, ఆయిల్ రాసి, మందం రాసిన చిన్న సంచిలో దాచాం. తర్వాతి తనిఖీకి పనికొస్తాయి.

కొనేటప్పుడు మందం ఒక్కటే చెబితే సరిపోదు, వ్యాసం కూడా చెప్పాలి. 7.48, 8.90, 9.48, 10.00 మి.మీ. వ్యాసాల్లో షిమ్‌లు దొరుకుతాయి. చూడ్డానికి దగ్గరదగ్గరగా ఉన్నా ఒకదాని గుంతలో ఇంకొకటి కూర్చోదు. హోండా షిమ్‌లు 0.025 అంచెల్లో ఉంటాయి. వాటి మీద 182 అని ఉంటే 1.825 మి.మీ., 188 అంటే 1.875. ఆ అంచె ఉన్న ఇంజిన్లలో ఇంత రాజీ పడాల్సిన పని ఉండదు.

షిమ్ పలచబరచడానికి రాతి మీదో, ఎమరీ కాగితం మీదో రుద్దడం కొందరి అలవాటు. దయచేసి వద్దు. షిమ్ గట్టిదనం దాని పైపొరలో ఉంది. అది పోతే స్టెమ్ కొస దాన్ని గుంత చేసేస్తుంది, ముక్క విరిగి పడినా పడవచ్చు. రెండు షిమ్‌లు ఒకదానిమీద ఒకటి పేర్చడం ఇంకా ప్రమాదం. ఎక్కువ వేగంలో పైది ఎగిరి బయటపడుతుంది.

ఆరో రోజు: కూర్పు

మూడు కొత్త షిమ్‌లు వచ్చాయి. కొత్తవే కదా అని కొలవకుండా వేయకూడదు. 2.55, 2.65 అచ్చంగా ఉన్నాయి. 2.50 అని రాసినది 2.51 తేలింది. ఇది కలిసొచ్చిన తేడా. రెండు ఎడమ ఇన్‌టేక్ గ్యాప్ 0.21 బదులు 0.20 అవుతుంది, హద్దు గీత మీదనుంచి ఒక అడుగు లోపలికి.

షిమ్ కూర్చునే గుంతను ఒక్కొక్కటిగా తుడిచి, షిమ్‌కు పలచగా ఆయిల్ రాసి పెట్టాం. వేలితో నొక్కి తిప్పితే ఇబ్బంది లేకుండా గుండ్రంగా తిరగాలి. ఒక పక్కకు వాలి కూర్చుంటే బకెట్ వేశాక కనిపించదు. బకెట్ల పక్కలకు ఆయిల్, క్యామ్ ముక్కులకు, జర్నళ్ళకు (క్యాపుల్లో తిరిగే గుండ్రని భాగాలకు) మాలిబ్డినమ్ పేస్టు పలచగా. మొదటిసారి స్టార్ట్ చేసినప్పుడు ఆయిల్ పైకి చేరే కొన్ని క్షణాలు ఇదే కాపాడుతుంది.

క్యాపు బోల్టుల రంధ్రాల్లో ఆయిల్ నిలిచి ఉందేమో చూడాలి. అడుగు మూసుకున్న రంధ్రంలో ఆయిల్ ఉంటే బోల్టు దాన్ని నొక్కుతుంది, ఆయిల్ నలగదు, రెంచ్ ముందే టక్కుమంటుంది, లేదా హెడ్ పగులుతుంది. సిరంజితో పీల్చేశాం.

ముందు ఎగ్జాస్ట్ క్యామ్. క్రాంక్ గుర్తు కదలకుండా, చైన్ ముందు పాయను బిగుతుగా లాగి పట్టుకుని స్ప్రాకెట్ మీద వేయాలి. ఆ పాయలో వదులు ఉంటే ఇప్పుడు అన్నీ కలిసినట్టే ఉంటాయి, టెన్షనర్ వేయగానే ఒక పన్ను తప్పిపోతుంది. తర్వాత పిన్నులు లెక్కపెట్టి ఇన్‌టేక్ క్యామ్. 32 పళ్ళ స్ప్రాకెట్ మీద ఒక్క పన్ను అంటే క్యామ్ దగ్గర 11.25 డిగ్రీలు, క్రాంక్ లెక్కన 22.5. ఇంజిన్ నడిచినా నడుస్తుంది, బాగా మాత్రం నడవదు. ఇంకో పన్ను తప్పితే వాల్వు పిస్టన్‌ను తాకే దాకా పోవచ్చు.

క్యాపులు వాటి అంకెల వరుసలో, బాణం గుర్తు చూసి. ఈసారి మధ్యనుంచి బయటికి, పావు చుట్టు చొప్పున, క్యామ్ సమంగా దిగేలా. చివరికి 12 న్యూటన్ మీటర్లు. ఇందుకు చిన్న టార్క్ రెంచ్ వేరుగా ఉండాలి, 5 నుంచి 25 మధ్యది. చక్రాల నట్లు బిగించే పెద్ద రెంచ్‌లో 12 అనేది కొలమానం మొదట్లో ఉంటుంది, అక్కడ దాని మాట నమ్మలేం.

టెన్షనర్ రంధ్రంలోంచి కర్ర పుల్లతో చైన్ గైడును నొక్కి పట్టి గుర్తులు చూశాం. కలిశాయి. అప్పుడు కడ్డీ వెనక్కి లాక్ చేసిన టెన్షనర్, 10 న్యూటన్ మీటర్లు, ఆ తర్వాత స్ప్రింగు, నడి బోల్టు.

తర్వాత చేత్తో రెండు పూర్తి చుట్లు. ఎక్కడైనా గట్టిగా తగిలితే అక్కడే ఆపాలి, బలం పెట్టకూడదు. స్ప్రింగుల బరువుకు చేయి బిగుసుకోవడం వేరు, లోహం లోహాన్ని తాకి ఆగడం వేరు. ఆ తేడా చేతికి వెంటనే తెలుస్తుంది. రెండు చుట్ల తర్వాత గుర్తులు మళ్ళీ కలిశాయి. పెయింటు చుక్కలు మాత్రం కలవవు. చైన్ లింకులకు, స్ప్రాకెట్ పళ్ళకు లెక్క వేరు, దానికి కంగారు పడొద్దు. చూడాల్సింది స్ప్రాకెట్ గీతలనే.

అదే రోజు: లొంగని వాల్వు

మళ్ళీ ఎనిమిదీ కొలిచాం. ఏడు లెక్క ప్రకారమే వచ్చాయి: 0.18, 0.20, 0.20, ఎగ్జాస్ట్ వైపు 0.30, 0.29, 0.28, 0.25. రెండో సిలిండర్ కుడి ఇన్‌టేక్ 0.19 రావాల్సింది, 0.15 వచ్చింది.

0.15 హద్దులోనే ఉంది. మూసేయవచ్చు కూడా. కానీ ఫీలర్‌తో 0.01 తేడా రావచ్చు, 0.04 రాదు. అంటే లోపల ఏదో ఉంది. ముందుగా మరో పది చుట్లు తిప్పి కొలిచాం, షిమ్ కింద ఆయిల్ పొర మందంగా నిలిచి ఉంటే నలిగి పోతుందని. 0.15 నుంచి కదల్లేదు. మళ్ళీ టెన్షనర్, ఇన్‌టేక్ క్యామ్ తీయాల్సి వచ్చింది.

షిమ్ ఎత్తి చూస్తే, గుంత అంచున గోరుతో గీకితే తప్ప కనిపించనంత పలచటి నల్ల తునక. పాత సీలెంట్ ముక్క. కవర్ మూలల్లో గాస్కెట్ కూర్చునే అర్ధచంద్రపు ఆకారాల దగ్గర గీకినప్పుడు రాలింది. గుంతను గుడ్డతో తుడిచాం గానీ, గుడ్డ అంచు మూలలోకి పోలేదు. పుల్లకు గుడ్డ చుట్టి, పెట్రోల్‌లో ముంచి, ఎనిమిదింటిలో ఇన్‌టేక్ వైపు నాలుగూ మళ్ళీ శుభ్రం చేశాం. కూర్చి కొలిస్తే 0.19.

దీన్నిబట్టి వరుస మార్చుకోవడం మేలు. అర్ధచంద్రాల మీది పాత సీలెంట్‌ను బకెట్లు తీయకముందే, క్యామ్‌లు ఇంకా చోటులో ఉన్నప్పుడే గీకి, పీల్చి శుభ్రం చేయాలి. షిమ్ గుంతలు తెరుచుకుని ఉండగా హెడ్ మీద ఏ గీకుడూ పెట్టకూడదు.

ఏడో రోజు: మూయడం, స్టార్ట్

సొరంగంలోంచి గుడ్డ తీశామా అని ఇద్దరు చూశారు. కవర్ గాస్కెట్ కొత్తది. సీలెంట్ అర్ధచంద్రాల మూలల్లో మాత్రమే, బియ్యపు గింజంత. గాస్కెట్ పొడవునా పూస్తే మిగులు లోపలికి పిండుకుని, తెగి, ఆయిల్ దారులకు అడ్డం పడుతుంది. కవర్ బోల్టులకు 10 న్యూటన్ మీటర్లు. వీటి రబ్బరు వాషర్లు నలిగాక బోల్టు మెడ అడుగు తాకి ఆగిపోతుంది. కారుతోందని ఇంకా బిగిస్తే కారడం ఆగదు, మర తెగుతుంది.

ప్లగ్‌లు చేత్తో మొదలుపెట్టి, చివర మాత్రమే రెంచ్‌తో. కూలెంట్ పోసి, గాలి బుడగలు పోయేదాకా మూత తెరిచి ఐడిల్‌లో నడిపాం. మొదటి రెండు మూడు సెకన్లు చైన్ గలగల వచ్చి ఆగింది. ఆగకపోతే ఇంజిన్ ఆపి టెన్షనర్ చూడాలి.

గ్యాపులు మారాక సిలిండర్లు గాలి పీల్చే తీరు కొంచెం మారుతుంది కాబట్టి థ్రాటిల్ బాడీల సింక్ (రెండూ సమానంగా గాలి ఇచ్చేలా సరిచేయడం) తప్పనిసరి. వాక్యూమ్ గేజ్ పెట్టి చూస్తే రెండింటి నడుమ తేడా కనిపించింది, స్క్రూతో సమం చేశాం. సింక్ ఎప్పుడూ వాల్వుల తర్వాతే. ముందు చేస్తే వాల్వుల తప్పును సింక్‌తో కప్పినట్టవుతుంది.

ఇంజిన్ పైనుంచి ఇప్పుడు చిన్న టిక్‌టిక్ వినిపిస్తోంది, ముందు లేనిది. ఇలాగే ఉండాలి. వేడి మీద స్టార్ట్ ఇప్పుడు ఒక్క నొక్కుతో అందుకుంటోంది, ఐడిల్ నిలకడగా ఉంది.

డైరీలో చివరి పేజీ తర్వాతి తనిఖీ కోసం. ఎనిమిది వాల్వుల కొత్త గ్యాపులు, ఎనిమిది చోట్ల ఉన్న షిమ్‌ల మందాలు, మీటరు అంకె 24,310. అప్పుడు కవర్ తీసి గ్యాప్ కొలిస్తే చాలు. లోపలి షిమ్ మందం తెలుసు కాబట్టి కావాల్సినవి క్యామ్ విప్పకముందే తెప్పించుకోవచ్చు. రెండు ఎడమ ఎగ్జాస్ట్ పక్కన మాత్రం ఒక గీత గీసి ఉంచాం. 24,000 కి.మీ.లో అందరికంటే ఎక్కువ దిగబడినది అదే కావచ్చు. వచ్చేసారి 0.28 నుంచి మళ్ళీ ఎక్కువగా తగ్గితే షిమ్ మార్చి ఊరుకోకుండా ఆ సిలిండర్‌కు లీక్‌డౌన్ పరీక్ష (సిలిండర్‌లోకి గాలి ఎక్కించి ఎంత కారుతోందో చూడటం) చేసి, సైలెన్సర్ వైపు గాలి బుసకొడుతోందేమో వినాలి.